చదివి చూపించని నాన్న

"మా నాన్న తోలు తీశాడు కాబట్టే నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి." విశాఖలో యాభై దాటినవాళ్ళు నలుగురు కూడితే ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది. పోర్టులోనో షిప్‌యార్డులోనో డ్యూటీ దిగి, సైకిలు గోడకి చేరేసి, చొక్కా విప్పకముందే "వాచకం తే" అన్న నాన్నలు ఈ ఊళ్ళో ఇంటింటా ఉండేవారు. నిలబడి చదవాలి. మొదటి తప్పుకి తొడపాశం, రెండో తప్పుకి గోడకుర్చీ. అలా చదివినవాళ్ళు చాలామంది మంచి ఉద్యోగాలు చేశారు కాబట్టి ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ.

నేను ఒప్పుకోను. ఆ ఇళ్ళలో పిల్లలకి చదువు వచ్చింది నాన్న రోజూ పక్కన కూర్చున్న ఆ అరగంట వల్ల. దెబ్బ ఆ అరగంటని అంటుకుని వచ్చింది. రెండూ ఎప్పుడూ కలిసే ఉండేవి కాబట్టి ఏది పనిచేసిందో విడదీసి చూడటం మనకి అలవాటు కాలేదు. విడదీయకపోవడం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. కొందరు దెబ్బతో సహా అదే పద్ధతి తమ పిల్లల దగ్గర కొనసాగిస్తున్నారు. ఇంకొందరు దెబ్బ వద్దనుకుని ఆ అరగంటనీ వదిలేశారు.

విడదీసి చూడటానికి ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ బాల్యం బాగా పనికొస్తుంది. 1806లో లండన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ మిల్ అతన్ని బడికి పంపకుండా 3వ ఏట గ్రీకు, 8వ ఏట లాటిన్ తానే మొదలుపెట్టించాడు. మిల్ చనిపోయిన ఏడాదే, 1873లో, అచ్చయిన ఆత్మకథలో ఆ చదువంతా పూసగుచ్చినట్టు ఉంటుంది. గ్రీకు మాటలకి పిల్లవాడు చదువుకోగల ఇంగ్లీషు నిఘంటువు అప్పట్లో లేదు. అందుకని తండ్రి రాసుకునే బల్ల దగ్గరే కూర్చుని, తెలియని ప్రతి మాటకీ ఆయన్నే అడిగేవాడు. ఆ బల్లమీద అప్పుడు తయారవుతున్నది 1817లో వెలువడిన భారతదేశ చరిత్ర. ఈ గడ్డమీద ఒక్కసారీ అడుగుపెట్టకుండా రాసిన పుస్తకం అది. దాని మంచిచెడ్డలు వేరే సంగతి. మహా అసహనపరుడైన ఆ మనిషి మాటమాటకీ కలం ఆపి, అర్థం చెప్పి, మళ్ళీ రాసుకునేవాడు. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. కొడుకు దాన్ని మరిచిపోలేదు, గౌరవంగా రాసుకున్నాడు.

అదే తండ్రి కొడుకు చేత పైకి చదివించేవాడు. తన చేత చేయించిన పనులన్నిటిలో తాను ఎప్పటికీ సరిగా చేయలేకపోయిందీ, తండ్రికి ఎక్కువగా కోపం తెప్పించిందీ ఈ పైకి చదవడమేనని మిల్ అంటాడు. వాక్యం చెడగొట్టినప్పుడల్లా ఆయన తిట్టాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తి పలకాలో సూత్రాలు చెప్పాడు. ఒక్కసారి కూడా ఆ వాక్యం తాను చదివి వినిపించలేదు. 1826లో, 20 ఏళ్ళ వయసులో, మిల్ మనసు మొద్దుబారిపోయింది. ఏ పుస్తకమూ రుచించలేదు. కొన్ని నెలల తర్వాత, మార్మోంటెల్ అనే ఫ్రెంచి రచయిత జ్ఞాపకాల్లో తండ్రి చనిపోయే ఘట్టం దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కోలుకోవడం అక్కడ మొదలైంది. చదవడం నేర్పింది తండ్రే. చదివినదానికి ఏడవచ్చని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

నాన్న చదివి చూపించకుండా తప్పులు మాత్రమే పడితే ఏమవుతుందో తెలుగు దగ్గర ఇంకా తేటగా కనపడుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "అడవిలో దారి తప్పిన కుర్రవాడు చీకటి పడేలోగా ఆ గుడిసెకి చేరుకున్నాడు." తొమ్మిది మాటలు. చివరిది వచ్చేదాకా ముందున్న ఎనిమిదీ పిల్లవాడు మనసులో పట్టుకుని ఉండాలి. కూడబలుక్కుని చదివేవాడికి అదే పెద్ద బరువు. "తప్పిన" దగ్గర "ఆఁ? మళ్ళీ చదువు" అని గద్దిస్తే చేతిలో ఉన్న మూడు మాటలూ జారిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు వాడి దృష్టిలో సగం నాన్న చెయ్యి ఎటు కదులుతోందన్న దానిమీదే ఉంటుంది. ఇలా పది వాక్యాలు గడిచాక "ఇప్పుడు కథేమిటో చెప్పు" అంటే పిల్లవాడి దగ్గర కథ ఉండదు. మొండితనమని నాన్న అనుకుంటాడు. అర్థాన్ని పట్టుకోవడానికి వాడికి చోటే మిగల్లేదు.

తెలుగు చదవడంలో రెండో చిక్కు ఒత్తులు. శక్తి అనే మాట తీసుకోండి. శ తర్వాత కంటికి ముందు ఆనేది "కి". దాని కింద త ఒత్తు. గుడి పైనున్న క మీద వేసి ఉంటుంది గానీ, పలకడం మాత్రం ఒత్తు అయ్యాక పలకాలి. రెండు, మూడు తరగతుల పిల్లలు దీన్ని "శకిత" అనో "శకితి" అనో చదవడం మామూలే. "కళ్ళు పెట్టి చూడు!" అని నాన్న అరుస్తాడు. పిల్లవాడు కళ్ళు పెట్టే చూశాడు. కంటికి కనపడిన వరసలోనే చదివాడు. వాడికి కావలసింది కంటి వరసకీ నోటి వరసకీ ఉన్న తేడా. పలకమీద శక్ అని పొల్లుతో రాసి ఆగండి. పక్కన తి రాయండి. రెండూ విడివిడిగా అనిపించి, కింద శక్తి అని కలిపి రాయండి. అదే మూసలో ఉన్న భక్తి, ముక్తి, యుక్తి, రక్తి ఆ పూటకి చాలు. బుద్ధి, సిద్ధి, వృద్ధి మర్నాటికి. ప్రేమ, క్రీడ లాంటి క్రావడి మాటలు ఆ తర్వాత. రాష్ట్రం లాగా ఒక అక్షరం కింద రెండు ఒత్తులు వేలాడేవి అన్నిటికన్నా చివర. అన్ని రకాలూ ఒకే రోజు కలగలిపి డిక్టేషన్ పెడితే అంతకుముందు వచ్చినవి కూడా తప్పుతాయి. అప్పుడు ఇంట్లో మళ్ళీ కేకలు.

అన్ని తప్పులూ దిద్దాల్సినవి కావు. మన వైపు పిల్లవాడు "వచ్చాడు" అని అచ్చులో ఉంటే "వచ్చేడు" అని చదువుతాడు. "చెప్పాడు" అన్నది "చెప్పేడు" అవుతుంది. "ఏమిటి" అన్నది "ఏటి" అవుతుంది. కఠినమైన నాన్నలు ఇక్కడే ఎక్కువగా రెచ్చిపోతారు. ఊరి యాస పోతేనే చదువొచ్చినట్టని వాళ్ళ నమ్మకం. నిజానికి వాడు మాటని చూసి, అర్థం చేసుకుని, తన నోటి మాటలోకి మార్చి పలికాడు. చదువు వంటబడుతోందనడానికి ఇంతకన్నా గుర్తు ఏం కావాలి? అది వదిలేయండి. "భయం" అన్నది "బయం" అయినా ఆ క్షణానికి వదిలేయండి. "గుడిసె" ఉన్నచోట "గుడి" అని గబగబా దాటిపోతే మాత్రం పట్టించుకోవాలి. మొదటి అక్షరాలు చూసి మిగతాది ఊహించేశాడు, కథ మారిపోతుంది. అప్పుడు కూడా వాక్యం చివరిదాకా పోనిచ్చి, "కుర్రవాడు ఎక్కడికి చేరేడు?" అని అడిగితే చాలు. చాలాసార్లు వాడే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటాడు. తానే దిద్దుకున్న మాట గుర్తున్నట్టు నాన్న దిద్దిన మాట గుర్తుండదు.

1970ల చివర న్యూజీలాండ్‌లో, చదువులో వెనకబడిన పిల్లల తల్లిదండ్రులకి ఒక పద్ధతి నేర్పారు. ఆగు, ఊతమివ్వు, మెచ్చుకో. మాట దగ్గర పిల్లవాడు తడబడితే 5 సెకన్లు నోరు మెదపకూడదు. అప్పటికీ రాకపోతే చిన్న ఊతం ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే మాట చెప్పేయాలి. వినడానికి ఎంతో సులువు. అసహనం ఉన్న మనిషికి ఆ 5 సెకన్లు కొండంత. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకోవడం తప్ప దారి లేదు. కళ్ళు పుస్తకంమీదే ఉండాలి. పిల్లవాడి మొహంలోకి చూస్తే ఆ చూపే దెబ్బ అవుతుంది.

దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో మొదలైన జంట చదువు దీనికన్నా సులువని నా అభిప్రాయం. కోపిష్ఠి నాన్నలకి నేను ముందు దీన్నే చెబుతాను. ఇద్దరూ ఒకే పుస్తకం ముందు పక్కపక్కన కూర్చుని, ఒకే గొంతుగా పైకి చదవాలి. వేగం పిల్లవాడిది. వాడు తప్పు పలికితే నాన్న ఒప్పు పలుకుతాడు, వాడు దాన్ని అనేసి ముందుకు పోతాడు, అంతే. ఎందుకు తప్పు పోయిందన్న చర్చ ఉండదు. వాడికి ధైర్యం వచ్చినచోట బల్లమీద ఒకసారి తడతాడు. నాన్న నోరు మూసుకోవాలి. ఎక్కడైనా ఆగిపోతే నాలుగైదు సెకన్లు చూసి, మాట అందించి మళ్ళీ గొంతు కలపాలి. రోజుకి కనీసం 5 నిమిషాలు, వారానికి 5 రోజులు, రెండు నెలలపాటు. ఇందులో తప్పు పట్టుకునే ఉద్యోగం నాన్నకి ఉండదు, ఆయన గొంతు కూడా పాఠంలోనే ఖర్చవుతుంది. చెడిపోయేది రెండు చోట్ల. నాన్న తన వేగంతో లాక్కుపోవడం ఒకటి. వాడు తట్టాక కూడా ఊరుకోలేక సన్నగా గొణగడం రెండోది. ఈ రెండోది నెమ్మదిగా వాడి ధైర్యాన్ని తినేస్తుంది.

షిఫ్టుల ఊళ్ళో రోజూ ఒకే వేళ కుదరదని అంటారు. నిజమే. స్టీల్‌ప్లాంటులో ఎ షిఫ్టు వారం సాయంత్రం దొరుకుతుంది. బి షిఫ్టు వారం నాన్న ఇల్లు చేరేసరికి రాత్రి 10 దాటి, పిల్లలు పడుకుని ఉంటారు. సి షిఫ్టు వారం పగటి నిద్ర చాలక మనిషి చిరాకుగా ఉంటాడు, అప్పుడు చదివించకపోవడమే మేలు. బి షిఫ్టు వారానికి ఫోనులో రికార్డు చేసి పెట్టండి. రెండు పేజీలు చాలు. మామూలుగా మాట్లాడే వేగంలో సగం వేగంతో చదవాలి. పేజీ అయినప్పుడు "పేజీ తిప్పు" అని చెప్పి మూడు సెకన్లు ఆగాలి. లేకపోతే పిల్లవాడు వెనకబడిపోయి, పుస్తకం పక్కన పెట్టేసి ఉత్తగా వింటాడు. వేలు పెట్టుకుని అక్షరాల వెంట వస్తేనే ఇది చదువు. నాన్న ఇంట్లో లేని పూట నాన్న గొంతు వింటూ చదవడం పిల్లలకి ఇష్టమైన పని కూడా.

తర్వాత ప్రశ్నలు. బేతాళుడిలా అడిగే నాన్నలున్నారు, తెలిసి చెప్పకపోతే తల పగులుతుందన్నట్టే ఉంటుంది వాళ్ళ ప్రశ్న. "అర్థమైందా?" అని కూడా అడగొద్దు. దానికి భయమున్న పిల్లవాడి దగ్గర "ఆఁ" అన్న ఒక్క జవాబే ఉంటుంది. జవాబు మీకు కూడా తెలియని ప్రశ్న అడగండి. తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు? ఈ ముసలాయన చేసింది నీకు నచ్చిందా? మీరు కూడా ఒక జవాబు చెప్పండి, అది తప్పయినా ఫరవాలేదు.

జేమ్స్ మిల్ దగ్గర తీసుకోవలసిన మంచి పద్ధతి ఒకటి ఉంది. పొద్దున్నే టిఫినుకి ముందు కొడుకుని వెంటబెట్టుకుని పొలాల గట్లవెంట నడిచేవాడు. నిన్న చదివింది పిల్లవాడు నడుస్తూ చెప్పాలి. అందుకోసం చదివేటప్పుడే చిన్న కాగితం ముక్కలమీద గుర్తులు రాసుకునేవాడు. మనకి అంతకన్నా మంచి దారే ఉంది. తెల్లవారుజామున బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి ఓ కిలోమీటరు నడిస్తే ఒక కథ చెప్పడానికి సరిపోతుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పటి బెదురు పక్కపక్కన నడిచేటప్పుడు ఉండదు. ఇద్దరి చూపూ ముందుకే ఉంటుంది. చిట్టీమీద వాక్యాలు రాయనివ్వొద్దు, అప్పజెప్పడం అయిపోతుంది. నాలుగు మాటలు మించకూడదు: అడవి, గుడిసె, ముసలాయన, అబద్ధం. వాటిని పట్టుకుని వాడు తన మాటల్లో అల్లుకోవాలి. మధ్యలో మీరు "అది కాదు కదా" అన్నారో, మర్నాటి నుంచి వాడికి నిద్ర లేవబుద్ధి కాదు.

బల్ల దగ్గర అడగనిచ్చిన ఆ ఓర్పు కూడా తీసుకోవలసిందే. పిల్లవాడు మాట అడిగినప్పుడు ఫోను బోర్లించి పెట్టి, ఒక వాక్యంలో చెప్పండి. మీకు తెలియకపోతే తెలియదని చెప్పి ఇద్దరూ నిఘంటువు తీయండి. "నిన్ననేగా చెప్పాను" అన్న మాట ఇంట్లో వినపడకూడదు. ఒక మాటని ఒకసారి చెబితే గుర్తుండే పిల్లలు అరుదు. వేరువేరు వాక్యాల్లో చాలాసార్లు ఎదురైతేనే అది వాళ్ళ సొంతమవుతుంది.

"ఇంత తతంగం దేనికి, వాళ్ళ మానాన వాళ్ళని వదిలేస్తే పోలా?" అనేవాళ్ళు ఉన్నారు. ముఖ్యంగా దెబ్బలు తిని పెరిగినవాళ్ళు. వాళ్ళ బాధ అర్థమవుతుంది, జవాబు మాత్రం నచ్చదు. ప్రాగ్ నగరపు రచయిత కాఫ్కా 1919 నవంబరులో తండ్రికి నూరు పేజీలు దాటిన ఉత్తరం రాశాడు. అది తండ్రికి చేరనే లేదు. అందులో గుర్తుచేసిన బాధల్లో ఒకటి, తన కొత్త పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చినప్పటిది. పేకాటలో ఉన్న తండ్రి మంచం పక్క బల్లమీద పెట్టమన్నాడు, అంతే. అక్కడ తిట్టూ లేదు, దెబ్బా లేదు. అయినా ఆ మాట కొడుకు మనసులో ఉండిపోయింది. పట్టించుకోని నాన్న కూడా కష్టమైన నాన్నే.

పుస్తకాల ఎంపిక దగ్గర నాన్నలు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, వయసుకి మించినది చేతిలో పెట్టడం. పిల్లవాడు ఒక పేజీ చదువుతూ తెలియని మాటకల్లా ఒక వేలు ముడవాలి. ఐదు వేళ్ళూ ముడుచుకుపోతే ఆ పుస్తకం వాడు ఒక్కడే చదివేది కాదు, మీరు చదివి వినిపించేది. రెండోది, కథల పుస్తకాన్ని కాలక్షేపమని లాక్కోవడం. కాలక్షేపం పుస్తకాలే పేజీల మీద పేజీలు తిప్పిస్తాయి, వేగం అక్కడే వస్తుంది. 1947 జులైలో మొదలైన చందమామ ఎన్నో తెలుగు ఇళ్ళలో చేసిన పని అదే. పాఠం కాదు కాబట్టి ఎవరూ అప్పజెప్పమనలేదు. పిల్లలు ఆ ధైర్యంతోనే చదివారు.

ఇంటిపన్ను కట్టేవాళ్ళంతా రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. ఆ డబ్బు ఎప్పుడో కట్టేశాం కదా, వెళ్ళి వాడుకుందాం. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు ఉన్నాయి. పిల్లవాణ్ణి తీసుకెళ్ళి, మీరు వేరే బల్ల దగ్గర మీకు కావలసింది చదువుకోండి. వాడు తెచ్చుకున్న రెండు పుస్తకాలకి మీరు ఒకటి కలపండి. వాడు తెచ్చినదానిమీద వ్యాఖ్యానం వద్దు. సగంలో వదిలేస్తే వదిలేయనివ్వండి. మన ఊరి గాలికి ఒక జాగ్రత్త: వానాకాలంలో సముద్రం వైపు గోడకి ఆనించిన అలమరలో పుస్తకాలు పెడితే బూజు పడుతుంది. అలమరకీ గోడకీ మధ్య బెత్తెడు ఖాళీ వదలండి, పుస్తకాలు బిగించి పేర్చకండి.

కఠినమైన నాన్న దగ్గర పెరిగినవాళ్ళకి తమ పిల్లల్ని చదివించేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. మూడో తప్పు దగ్గర తమ నోటివెంట నాన్న గొంతే వచ్చేస్తుంది. అది తెలుస్తూనే ఉంటుంది, ఆగదు. కోపం వచ్చినచోట పుస్తకం మూయకండి, తప్పు పోవడం వల్లే చదువు ఆగిందని పిల్లవాడికి అర్థమవుతుంది. "ఈ పేజీ నేను చదువుతా, నువ్వు విను" అని పుస్తకం మీవైపు తిప్పుకోండి. మీరే చదువుతుంటే ఊపిరి దారికొస్తుంది. పేజీ పూర్తయ్యాక, ఆ రోజుకి మంచి చోట ఆపేయండి. పది రోజుల్లో ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంటే టైము మార్చండి. ఆకలి వేళ, ఆఫీసు నుంచి వచ్చిన వెంటనే, పరీక్ష ముందు రాత్రి, ఈ మూడూ పనికిరావు.

ఇక ఆ నాన్న ఇప్పుడు తాతగా ఇంట్లోనే ఉంటే, మనవడిని కూడా నిలబెట్టి చదివిస్తానంటాడు. "మీరు మమ్మల్ని చంపుకు తిన్నారు, వీణ్ణి వదిలేయండి" అంటే గొడవే మిగులుతుంది. పని మార్చి ఇవ్వడం మేలు. "నాన్నగారూ, వాడికి ఒక కథ చదివి వినిపించండి, మీ ఉచ్చారణ వాడి చెవిన పడాలి" అనండి. ఉచ్చారణమీద పట్టుదల ఉన్న మనిషి ఈ మాటకి కాదనడు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళయితే పెద్ద అక్షరాల పుస్తకం, భుజం వెనకనుంచి వెలుతురు పడేలా దీపం. పది నిమిషాలు చాలు, గొంతు ఎండకుండా పక్కన మంచినీళ్ళు. మధ్యలో "ఏదీ, ఇది నువ్వు చదువు" అంటే మనవడు వద్దనవచ్చని ఇద్దరికీ ముందే చెప్పి ఉంచండి. మొదటి వారం ఆయన పాఠం చెప్పినట్టే చదువుతాడు, ఒక్కో ఒత్తూ విరిచి విరిచి. కథలో దొంగ దొరికే చోటుకి వచ్చేసరికి ఆయనే వేగం పెంచుతాడు. అప్పుడు మీరు వంటింట్లోకి పిలవకండి, టీవీ పెట్టకండి.